గారి దంపతులకు

మా బావగారి అమ్మాయి పెళ్ళికి మూడొందల కవర్లు తెచ్చి నా ముందు పెట్టారు. "నువ్వు తెలుగు బి.ఎ. కదమ్మా, రాత కూడా బావుంటుంది, పేర్లు నువ్వే రాసెయ్" అన్నారు బావగారు. పక్కనే మా మావగారి కాలం నాటి నోట్‌బుక్కు. మా ఇంట్లో ఎవరి పెళ్ళయినా ఆ జాబితానే. ఎవరైనా పోతే ఆ పేరు కొట్టేసి పక్కన కొడుకు పేరు రాస్తారు. ఇన్నేళ్ళలో జరిగిన మార్పు అంతే.

మా తోడికోడలు కార్డులకి నాలుగు మూలలా పసుపు రాస్తోంది, నేను కవర్లు రాస్తున్నాను. ఇరవై రాశాక చెయ్యి ఆగింది. ఇరవై ఇళ్ళు, ఇరవై మగవాళ్ళ పేర్లు. ఆడపేరు ఒక్కటి లేదు.

నమ్మకపోతే మీ ఇంట్లో టీవీ పక్కన పడున్న శుభలేఖ ఏదైనా తీసి చూడండి. "శ్రీ ఫలానా గారి దంపతులకు" అని ఉంటుంది. దంపతులంటేనే భార్యాభర్తలిద్దరూ కదా! మరి ఫలానా గారి దంపతులేమిటి? ఫలానా గారి ఎడ్లు, ఫలానా గారి కొబ్బరితోట అన్నట్టు ఆయనకో జంట కూడా ఉందా? మా తెలుగు మాస్టారు చూస్తే ఎర్ర ఇంకు పెట్టేవారు. కాస్త చదువుకున్నవాళ్ళయితే "శ్రీమతి అండ్ శ్రీ" అని మొదలెట్టి తర్వాత ఆయన పేరే రాస్తారు. శ్రీమతిని ముందు పెట్టాం కదా, ఇంకేం కావాలన్నట్టు. ఆ శ్రీమతికో పేరుండదూ?

ఈ మాట బావగారితో అంటే, "ఆడవాళ్ళ పేర్లు ఎవరికి తెలుస్తాయమ్మా?" అన్నారు. కోపంతో కాదు, నిజంగానే అన్నారు. పాతికేళ్ళుగా వాళ్ళింట్లో కాఫీ తాగుతున్నారు, పెట్టిన మనిషి పేరు తెలీదు. ఆవిడ పెద్దవీధి అత్తయ్య, ఈవిడ కరణంగారి కోడలు, ఇంకొకావిడ కొత్తపేట వదిన. ఆయన్నేం అంటాను, నాకూ సగం తెలియవు! సిగ్గేసింది. ఆ సాయంత్రం ఫోన్ పట్టుకు కూర్చుని పేరు పేరునా కనుక్కున్నాను. కొందరు నవ్వారు. ఒక పెద్దావిడ అయితే "నా పేరెందుకే తల్లీ ఇప్పుడు, ఆయన పేరు రాసెయ్" అని, ఫోన్ పెట్టేసే ముందు మెల్లిగా చెప్పింది. ఎంత చక్కటి పేరో.

"ఆచారం" అంటారు కొందరు. ఏది ఆచారం? మన పల్లెల్లో పిలుపంటే ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ఇల్లాలికి బొట్టు పెట్టి చెప్పడం. ఈ రోజుకీ కార్డు ఇచ్చి వచ్చినా బొట్టు పెట్టకపోతే పిలిచినట్టు కాదంటారు. పిలుపు ఆవిడకి, కవరు ఆయనకి! వారం రోజులు ఎండలో తిరిగి పిలిచే పని మనది, కాగితం మీద పేరు మాత్రం మనది కాదు.

అలాగని ఆ బొట్టు పిలుపేదో గొప్పదని నేననను. భర్త పోయినావిడ దగ్గరికి వచ్చేసరికి ఆ భరిణె మూత పడిపోతుంది కదా. అసలు నాకు కడుపు మండింది కూడా అక్కడే.

రాజోలులో మా చిన్నత్తయ్య ఉంటుంది, మా అత్తగారి చెల్లెలు. మావయ్యగారు పోయి పదకొండేళ్ళు. ఒక్కత్తే ఉంటుంది. నోట్‌బుక్కులో మావయ్యగారి పేరు కొట్టేసి, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు పేరు రాసి ఉంది. చిరునామా మాత్రం రాజోలుదే. పేరు అడుగుదామని ఫోన్ చేస్తే, వాళ్ళ వైపు ఒక పెళ్ళికి తను ఎందుకు వెళ్ళలేదో అప్పుడు చెప్పింది. "కవరు మీద వాడి పేరుందమ్మాయ్. వాడేమో రాలేనన్నాడు. నన్ను పిలిచారో లేదో తెలీకుండా ఎలా వెళ్ళను?" చేతుల్లో పెరిగిన పిల్ల పెళ్ళి అది. తన ఇంటి గుమ్మంలోకి వచ్చిన కవరు చూసి, తనకి పిలుపు ఉందో లేదో అని కూర్చుందావిడ. "రేషన్ కార్డు మీద మాత్రం నాదే పేరు" అని నవ్వింది. నిజమే, 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డులో ఇంటి యజమాని ఆ ఇంటి పెద్ద ఆడమనిషే. బియ్యం ఇచ్చే సర్కారుకి గుర్తొచ్చిన మనిషి బంధువులకి గుర్తురాలేదు.

సరే, ఆవిడ పేరే రాశాను. ముందు "శ్రీమతి" అని పెట్టాను. ఇంట్లో గొడవ మొదలైంది. "ఆయన లేరుగా, శ్రీమతి అని ఎలా రాస్తావ్?" శ్రీ అంటే సంపద, కాంతి, శోభ. అది ఉన్న ఆవిడ శ్రీమతి. ఆ మాటలో మొగుడి ఊసు ఎక్కడుందండీ? పాత ఉత్తరాల్లో భర్త పోయినావిడని గం.భా.స. అని రాసేవారు. గంగాభాగీరథీ సమానురాలు అని దాని అర్థం. వినడానికి ఎంత గౌరవం! కానీ ఆ మూడక్షరాలు పడ్డాయంటే ఉత్తరం అందించే పోస్టుమాన్‌కి కూడా ఆవిడ విధవ అని తెలిసిపోయేది. మనకి పక్కనే ఉన్న రాజమండ్రిలో వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించారు. ఆయన పెళ్ళే చేయించారు. మనం కవరు మీద శ్రీమతి అని రాయడానికి పంచాంగం చూస్తున్నాం.

అలాగే, అమలాపురంలో ఒక్కత్తే ఇల్లు తీసుకుని ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయికి వెళ్ళాల్సిన కార్డు వాళ్ళ నాన్నగారి పేరుతో ఊళ్ళోకి వెళ్తోంది. అదీ మార్చాను.

ఇక వాట్సాప్ వచ్చాక ఈ బాధ పోతుందనుకున్నాను. కార్డు ఫోటో మావారి ఫోన్‌కి వస్తుంది. ఆయన చూసి బొటనవేలు బొమ్మ పెట్టేస్తారు. ముహూర్తం రేపనగా నాకు చెప్తారు.

చిన్నత్తయ్యకి కార్డు నేనే పట్టుకెళ్ళాను. కుంకుమ భరిణె కూడా తీసుకెళ్ళాను. మా తోడికోడలు వద్దని చూపుతోనే చెప్పింది, నేను చూడనట్టు ఊరుకున్నాను. అత్తయ్య బొట్టు పెట్టనిచ్చింది. కళ్ళజోడు వెతుక్కుని కవరు మీద పేరు రెండుసార్లు చదువుకుని, "ఇంటిపేరుకి దీర్ఘం ఉంటుందమ్మాయ్, మర్చిపోయావ్" అంది. బి.ఎ. చదివి ఏం లాభం చెప్పండి! అక్కడే పెన్ను తీసి దిద్దాను. పెళ్ళికి ముందురోజే వచ్చేసింది, బస్సులో, ఒక్కత్తే.

నోట్‌బుక్కు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ప్రతి ఇంటికీ రెండు పేర్లు, ఒక్కరే ఉన్నచోట ఆ ఒక్కరి పేరు. మాఘంలో మా మరిదిగారి అబ్బాయి పెళ్ళి. ఈసారి కవర్ల మీద ప్రెస్సులో స్టిక్కర్లు కొట్టించేస్తారట, జాబితా ఫోటో తీసి పంపమన్నారు. పాతదే పంపు, కొత్తది గందరగోళంగా ఉంది అన్నారు మరిదిగారు. పాతది చింపేశానని చెప్పాను.