ఇది పడవా... ఓడా?

రాజమండ్రి నుంచి గోకవరం వెళ్లే దారిలో ఉంటుంది కోరుకొండ. లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకున్నవాళ్లలో కొందరు అటు నుంచి అటే గండి పోచమ్మ గుడికీ, పాపికొండలకీ బయల్దేరతారు. గోదారి ఒడ్డున రెండంతస్తుల లాంచీ కనబడగానే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘నాన్నా, ఇది పడవా... ఓడా?’

నాన్న తడుముకోనక్కర్లేదు. జవాబు మన మాటల్లోనే ఉంది. పడవకి రేవు చాలు. స్నానాలు చేసేదీ, పడవెక్కేదీ కూడా అక్కడే. ఓడకి అలా కుదరదు. లోతైన నీళ్లుండాలి, సరుకు దించే ఏర్పాట్లుండాలి. అందుకే అది ఆగే చోటుకి ‘ఓడరేవు’ అని వేరే పేరు!

నావికుల లెక్క ఇంకా సులువు. ఓడ మీద పడవను మోసుకెళ్లొచ్చు, పడవ మీద ఓడను మోయలేం. ఆ లెక్కకీ లొంగనిది ఒకటుంది. విశాఖ ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. అయినా నౌకాదళాల వాడుకలో జలాంతర్గామి ‘బోటే’. తొలినాళ్లలో అవి చిన్నవి కావడంతో ఆ పిలుపు అలా నిలిచిపోయింది.

ఓడల ముచ్చట గోదారి జిల్లాలకు కొత్త కాదు. తాళ్లరేవు దగ్గరి కోరంగిలో ఒకప్పుడు చెక్క ఓడలు కట్టేవారు. అక్కణ్నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లకి బర్మాలో ‘కోరంగీలు’ అనే పేరొచ్చింది. 1839 తుపానులో ఉప్పెన ఆ రేవును ఊడ్చేసింది. ఓడలు బళ్లవడమంటే అదే! తర్వాత ఓడల తయారీలో పేరు విశాఖది. అక్కడ కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ సముద్రంలోకి వదిలారు.

మలుపు తిరిగేటప్పుడూ తేడా తెలుస్తుంది. వేగంగా వెళ్లే చిన్న మోటారు బోటు సైకిల్లా లోపలికి వంగుతుంది. ఓడ బయటికి ఒరుగుతుంది, బస్సు మలుపులో మనం పక్కకు తూలినట్టు. దాని బరువు పైన ఉండటమే కారణం. అయితే ఓడకి అడుగున కావలసినంత వెడల్పు, లోతు ఉంటాయి. లాంచీకి అంత ఉండదు. జనమంతా పైఅంతస్తుకెక్కితే బరువు పైకి చేరుతుంది. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు పరుగెత్తితే..?

2019 సెప్టెంబరు 15న వరద గోదారిలో, కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. అందులో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడింది 26 మందే. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లతో ఆ బోటును బయటికి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది.

పడవైనా ఓడైనా నీళ్లకి తేడా లేదు. అందుకే ‘ఇది పడవా, ఓడా?’ అని పిల్లలు అడిగితే జవాబు చెప్పండి. ఆ వెంటనే సరంగును మీరో ప్రశ్న అడగండి...

‘మా లైఫ్ జాకెట్లు ఏవీ?’