డబ్బా మీద ఎవరి పేరు?

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, వచ్చింది. ఊరి నుంచి ఎవరొచ్చినా మన ఇండస్ట్రియల్ ఏరియా గదుల్లోకి ఆ డబ్బా ఒకటి రావలసిందే. అది తెరిస్తే కోనసీమ వాళ్ళే కాదు, నిజామాబాద్ వాళ్ళు, కడప వాళ్ళు కూడా చుట్టూ చేరతారు. కానీ డబ్బా మీద ఏం రాసి ఉందో చూసేవాళ్ళం ఎంతమందిమి? ఊరి పేరు పెద్దక్షరాల్లో, కింద దుకాణం పేరు. రేకు తీసిన మనిషి ఊసు సాధారణంగా ఉండదు.

బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. ఆ సెగ దగ్గర గంటల తరబడి కూర్చునేది ఆడవాళ్ళు. చాలాచోట్ల రేకులు తీసేవాళ్ళు వేరు, నెయ్యి, బెల్లం వేసి చుట్టి అమ్మేవాళ్ళు వేరు. లాభం ఎటు పోతుందో కూలి చేసుకునే మనకి వేరే చెప్పాలా?

ఈ గుర్తింపు ఏ ఒక్క వ్యాపారి సొత్తూ కాదు. అక్కడి తయారీదారుల సంఘం దరఖాస్తు చేసి తెచ్చుకున్నది. అయితే సంఘానికి వస్తే అందరికీ వచ్చినట్టు కాదు. తయారుచేసేవాళ్ళు ఎవరికి వారు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ రుసుమును 2020లో రూ.500 నుంచి రూ.10కి తగ్గించారు. పది రూపాయలు! ఇక్కడ కరక్ చాయ్ కూడా రాదు.

దుబాయ్‌లో అమ్ముడుపోవాలంటే ఇంగ్లీషు పేరు, బంగారు రంగు డబ్బా ఉండాలని మన మిత్రులు కొందరంటారు. మేము ఒప్పుకోము. గిరిజన రైతులు పండించిన కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిస్తే, దాని పేరు కూడా అరకే.

ఒక చిక్కు మాత్రం ఉంది. మన దేశపు జీఐ ఇక్కడ దానంతటది చెల్లదు. పైగా ఈ దేశంలో షాపులో పెట్టే ప్యాకెట్ మీద వివరాలు అరబిక్‌లో ఉండి తీరాలి. ఈ పని మనం చేయగలం. మనలో ప్రింటింగ్ ప్రెస్సుల్లో పనిచేసేవాళ్ళున్నారు, సూపర్ మార్కెట్లలో అరలు సర్దేవాళ్ళున్నారు, అరబిక్ చదవడం వచ్చినవాళ్ళూ ఉన్నారు. అక్షరాలు మనం సరిచేసి పంపుదాం. ఏ పేరు పెట్టాలో, ఏ బొమ్మ వేయాలో కుండ దగ్గర కూర్చునేవాళ్ళే తేల్చాలి. నెయ్యి గిన్నె వద్దు, బోర్లించిన కుండే వేయమంటారేమో, ఎవరు చూశారు!

రేకుకి నాలుగు డబ్బులు ఎక్కువొస్తే ఏజెంటు కోసం చేసిన అప్పు కొంచెం ముందే తీరుతుంది. ఓవర్‌టైమ్ కోసం ఫోర్‌మన్ చుట్టూ తిరగడమూ తగ్గుతుంది. కోనసీమ సోదరులారా, ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, ఆ పది రూపాయల నమోదు ఎవరి పేరున అయిందో అడగండి.