స్కీమా కూడా పరిష్కరణే: శాసనాల డిజిటలీకరణలో తెలుగు పరిశోధకుల బాధ్యత

శాసనపాఠాన్ని చదివి ఇవ్వడం సాహిత్య పరిశోధకుల పని, దానిని కంప్యూటరుకు ఎక్కించడం సాంకేతికుల పని అన్న విభజన పైకి సబబుగానే కనిపిస్తుంది. నిజానికి అది తెలుగు పరిశోధన తన అధికారాన్ని తానే వదులుకోవడం. ఏ సమాచారాన్ని ఏ గడిలో పెట్టాలి, ఆ గడిలో ఎలాంటి విలువను అనుమతించాలి అన్నవి పాఠపరిష్కరణకు చెందిన ప్రశ్నలు.

శాసనపాఠం ముడి దత్తాంశం. స్కీమా అనే నియమపత్రం దానిని తేదీ, భాష, దాత, దేవత వంటి గళ్ళుగా విడదీసి, ప్రతి గడికీ ఒక రకాన్ని నిర్ణయిస్తుంది: ఇది సంఖ్య, ఇది తేదీ, ఇది ముందే ఇచ్చిన జాబితాలోంచి ఎంచుకోవలసిన పదం. ఆ నియమపత్రం ఆధారంగా సమాచారాన్ని చదివే, సరిచూసే, వెతికే కోడ్‌ను ఉపకరణాలు వాటంతటవే తయారుచేస్తాయి. సౌకర్యమూ ప్రమాదమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. తాళపత్ర లేఖకుని పొరపాటు ఆ ప్రతికీ, దానిని చూసి రాసిన ప్రతులకూ పరిమితం. స్కీమాలోని పొరపాటు మాత్రం దాని నుంచి పుట్టిన ప్రతి ప్రోగ్రాములోనూ, అందులో చేర్చిన ప్రతి శాసనానికీ వర్తిస్తుంది.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుని శాసనాన్ని తీసుకుంటే ఈ సంగతి స్పష్టమవుతుంది. అందులోని కాలనిర్దేశం శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. పరిశోధకులు దీనిని క్రీ.శ. 1163 జనవరి 19, శనివారంగా నిర్ణయించారు. స్కీమాలో శకవర్షానికి ఒక సంఖ్య గడి మాత్రమే పెట్టి, దానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని కోడ్‌కు చెబితే 1162 వస్తుంది. మాఘమాసం తరువాతి ఆంగ్ల సంవత్సరంలో పడుతుందన్న సంగతి ఆ సూత్రానికి తెలియదు. 1084 గతశకమా, వర్తమాన శకమా అన్న సందేహాన్ని తీర్చే ఆధారం చిత్రభాను అన్న పేరు. ఆ పేరుకు గడి లేకపోతే తప్పును పట్టుకునే సాధనమే పోతుంది. ‘వడ్డవారం’ స్థానంలో ‘శనివారం’ అని నింపితే పన్నెండో శతాబ్దపు ఒక తెలుగు మాటకు ఉన్న సాక్ష్యం చెరిగిపోతుంది.

సరైన తేదీని నింపినా చిక్కు తీరదు. 1163 జనవరి 19 అన్నది జూలియన్ క్యాలెండర్ ప్రకారం చెప్పిన తేదీ. కంప్యూటర్లలో వాడుకలో ఉన్న ఐఎస్ఓ 8601 ప్రమాణం గ్రెగోరియన్ క్యాలెండర్‌నే 1582కు ముందు కాలానికీ వెనక్కి పొడిగిస్తుంది. దాని లెక్కలో ఈ శాసనం తేదీ జనవరి 26 అవుతుంది. ఆ శతాబ్దంలో రెండు క్యాలెండర్లకూ తేడా సరిగ్గా ఏడు రోజులు కనుక, 19 అని అలాగే నమోదు చేసినా యంత్రం శనివారమనే చూపుతుంది. వారం కలిసింది కదా అని సరిచూసేవారు తృప్తి పడతారు. తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

భాష గడి సంగతి ఇంకా తీవ్రమైనది. ఈ శాసనంలో కాలనిర్దేశం తెలుగు వచనం, ప్రశస్తి సంస్కృత శ్లోకాలు. భాష గడి ఒక్క విలువనే అనుమతిస్తే సంస్కృతమన్న పేరే పడుతుంది. తెలుగు శాసనాల కోసం వెతికేవారికి ఇది కనిపించదు. కరీంనగర్ జిల్లా కురిక్యాలలోని జినవల్లభుని శాసనంలో సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడూ ఉన్నాయి. తెలుగు ఛందస్సు చరిత్రకు కీలకమైన మూడు కందపద్యాలు అందులోనివే. ‘ఒక శాసనం, ఒక భాష’ అన్న నియమం ఆ కందాలను ఏ జాబితాలోకి నెడుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇన్ని మినహాయింపులకు చోటిస్తే వెతకడమూ, క్రమంలో పెట్టడమూ సాధ్యం కాదన్నది సాంకేతికుల ఆక్షేపణ. ఆ అవసరం నిజమే. సాధారణీకరించిన తేదీ ఉండవలసిందే. అయితే అది మూలపాఠం పక్కన నిలవాలి, మూలం స్థానంలో కాదు. ప్రాచీన పాఠాల సంకేతనానికి ప్రపంచమంతటా వాడే టీఈఐ మార్గదర్శకాలు, శాసనాల కోసం వాటి ఆధారంగా రూపొందిన ఎపిడాక్ ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి. మూలంలోని మాట మూలంలోనే ఉంటుంది. మార్చిన తేదీ, అది ఏ క్యాలెండర్ ప్రకారమో తెలిపే సూచన విడిగా ఉంటాయి. పాఠంలో ఏ భాగం ఏ భాషలో ఉందో ఆ భాగానికే గుర్తు పెట్టవచ్చు. కనుక అడ్డుపడుతున్నది యంత్రపు అశక్తత కాదు, అడగవలసినవారు అడగకపోవడం.

కాకతీయుల రాజధాని అయిన ఓరుగల్లు ప్రాంతపు శాసనాలతో పనిచేసే తెలుగు శాఖలు కనీసం మూడు నియమాలు పెట్టుకోవాలి. చదివిన పాఠానికీ, దాని నుంచి ఊహించిన విలువకూ వేర్వేరు గళ్ళు ఉండాలి. ప్రతి నిర్ణయానికీ దానిని చేసినవారి పేరు, ఆధారం జతకావాలి. స్కీమాను పాఠంతో పాటు ప్రచురించి, ఆ పాఠం లాగానే విద్వత్పరిశీలనకు పెట్టాలి. పాఠాంతరాల పట్టిక లేని పరిష్కరణను పండితలోకం అంగీకరించదు. గళ్ళ వెనుక ఉన్న నిర్ణయాలను చూపని డిజిటల్ భాండాగారాన్ని అంగీకరించడానికి కూడా కారణం లేదు.