కాస్త సర్దుకోండి

సంగంలో నెల్లూరు బస్సెక్కితే ముందుగా చెవినపడే మాట "సర్దుకోండి". ముగ్గురి సీట్లో నలుగురు కూర్చుంటారు. కిటికీ పక్కనున్నాయన అడక్కముందే ఒంటిని రేకుకి అదుముకుంటాడు. నిలబడ్డ తల్లి చంకలోని పిల్లాడు రెండు నిమిషాల్లో ఎవరో తెలియని ముసలమ్మ ఒళ్లోకి మారతాడు. బొంబాయి రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు ఇట్లాగే గడిచిపోతాయి, ఎవరికీ కోపం రాదు. పెళ్లి పంక్తిలోనూ ఇదే మాట, ఆస్పత్రి వరండాలోనూ ఇదే మాట, రెండు గదుల ఇంటికి పన్నెండు మంది చుట్టాలొచ్చిన పండగనాడూ ఇదే మాట. మనలోని మంచితనానికి ఒక్క మాటలో పేరు పెట్టమంటే నేను దీన్నే పెడతాను.

నా బాధల్లా ఆ మాటను మనం నీళ్ల మీదికి కూడా మోసుకుపోవడం గురించే.

2017 నవంబరు 12 ఆదివారం. కార్తీకమాసం ముగింపుకొస్తున్న రోజులు. ఒంగోలులో పొద్దున్నే కలిసి నడిచే వాకర్స్ క్లబ్బువాళ్లు భార్యాబిడ్డలతో విజయవాడ వెళ్లారు. సాయంత్రం కృష్ణ ఒడ్డున పవిత్ర సంగమం దగ్గర హారతి చూడాలని భవానీ ద్వీపం వైపునుంచి ఒక ప్రైవేటు పడవ ఎక్కారు. పర్యాటకులను ఎక్కించుకునే అనుమతి ఆ పడవకు లేదు. అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. రేవు కనిపిస్తున్న దూరంలో పడవ తిరగబడింది. 20 మందికి పైగా పోయారు. ఒక ఊరి నడక బృందంలో అంతమంది ఒక్క సాయంత్రంలో లేకుండా పోవడం అంటే ఏమిటో, తెల్లవారుజామున మైదానంలో నడిచే అలవాటున్న ఎవరికైనా తెలుస్తుంది.

రెండేళ్లు తిరక్కుండానే 2019 సెప్టెంబరు 15, మళ్లీ ఆదివారం. పాపికొండలకు బయల్దేరిన లాంచీ కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. ఒడ్డున పడ్డవాళ్లు 26 మంది. అడుగున కూరుకుపోయిన లాంచీని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న పైకి లాగింది. అంటే 37 రోజుల తర్వాత. భోజనాల వేళ కావడంతో జాకెట్లు తీసేసి కూర్చున్నామని బతికినవాళ్లలో కొందరు చెప్పారు. ఎండ, ఉక్కపోత, ఒళ్లో విస్తరి. ఆ పరిస్థితిలో నేనుంటే నేనూ తీసేసేవాణ్ణి. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది నీళ్లు కలిసే ఊరు. పెన్నలో బీరాపేరు, బొగ్గేరు వచ్చి చేరతాయి, అందుకే సంగం. బ్యారేజీ రాకముందు అవతలి పొల్లేరెడ్డిపాళెం వైపు పోవాలంటే బ్రిటిష్‌వాళ్ల కాలంనాటి పాత ఆనకట్ట మీదుగానే దారి. పైన నీళ్లు పారుతుంటే దాటొద్దనేవాళ్లు. దాటేవాళ్లం. "ఈ ఏరు మాకు తెలీదా" అనే గీర. 2022 సెప్టెంబరులో 85 గేట్ల కొత్త బ్యారేజీ, దాని మీద వంతెన వచ్చాయి కాబట్టి ఆ గీర ఇప్పుడు వేరే చోట బయటపడుతోంది. ఏటికి అవతల పొదలకూరు మండలం తోడేరులో 2023 ఫిబ్రవరిలో పదిమంది కుర్రాళ్లు సరదాకి ఊరి చెరువులో పడవెక్కారు. నలుగురు ఈదుకొచ్చారు. ఆరుగురు రాలేదు. చెరువు వాళ్లదే, ఊరు వాళ్లదే.

బస్సులో నలభై ఒకటోవాడు ఎక్కితే కాళ్లు నొప్పులు పుడతాయి, అంతే. కింద నేల ఉంది. పడవ కింద అది లేదు. మనిషికి 60 కిలోల చొప్పున 40 మందంటే 2,400 కిలోలు. ఆ బరువు పడవలో ఎక్కడెక్కడ కూర్చుందన్న దాన్నిబట్టే పడవ నిలబడుతుంది. పై డెక్కు మీద పదిమంది ఎక్కువైతే బరువు పైకి పోతుంది, అప్పుడు చిన్న అల చాలు. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడిలో 'జలకన్యక' అనే రెండంతస్తుల పడవ ఒరిగిపోయి 45 మంది చనిపోయారు. ఒడ్డున కనిపించిన అడవి జంతువులను చూడాలని పైనున్నవాళ్లు ఒక పక్కకు చేరారు. పడవ కట్టడంలోనే లోపాలున్నాయని విచారణలో తేలిన మాట నిజమే. ఆ లోపాన్ని బయటపెట్టింది మాత్రం "అదిగో, అదిగో" అన్న కేక. ఇప్పుడు ఆ కేకకు సెల్ఫోను తోడైంది.

నా సొంత కథ ఒకటుంది. పన్నెండేళ్లయింది. వేరే జిల్లాలో ఒక రిజర్వాయరు, పేరు అనవసరం. పడవ పక్కన తెల్ల రంగుతో "20 మంది" అని రాసుంది. మేం పిల్లలతో కలిపి 26 మందిమి. పద్దెనిమిదేళ్లు కూడా నిండినట్టు లేని ఒక కుర్రాడు రెండు భుజాల మీదా నారింజరంగు జాకెట్లు వేలాడేసుకుని వచ్చాడు. ఒకటి అందుకున్నాను. తడి ఆరక ముక్క వాసన, మెడ దగ్గర ఎవరిదో కొబ్బరినూనె మరక. ఛాతీ మీది బకిల్ విరిగిపోతే దాని చోట కొబ్బరితాడు ముక్క ముడేశారు. కాళ్ల సందునుంచి తెచ్చి కట్టాల్సిన కిందిపట్టీ అసలు లేనేలేదు. ఆ పట్టీ ఎందుకో నాకు అప్పుడు తెలీదు. అది లేకపోతే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి తేలుతుంది, చిన్నపిల్లలైతే అందులోంచి కిందికి జారిపోతారు.

మా బావ ఆ కుర్రాణ్ణి చూసి, "ఏంది అబ్బయ్యా, ఇది తగిలించుకోని ఫోటోలో పడమంటావా?" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మా అక్క ఒక్కతే కూతురికి తొడగబోయింది. "నీకెప్పుడూ భయమేగా" అని ఎవరో అనేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ కుర్రాడు, "పోనీ పిల్లలకైనా వేయండన్నా" అని రెండుసార్లు బతిమాలాడు. వేశాం. గట్టు దాటగానే తీసేసి చెక్కబల్ల గుచ్చుకోకుండా వాటినే కింద పరుచుకున్నాం.

ఏమీ కాలేదు. చీకటి పడేలోగా ఇళ్లకొచ్చి చేపల పులుసు తిన్నాం. ఏమీ కాలేదు గనకే ఆ తర్వాత మూడేళ్లు అట్లాగే వెళ్లాం.

ఇప్పుడు గుర్తొస్తే సిగ్గనిపించేది ఆ కుర్రాడి ముఖం. పడవలో నిబంధన అమలు చేయాల్సినవాడు అందరికంటే చిన్నవాడు, అందరికంటే తక్కువ కూలివాడు. అతను గట్టిగా మాట్లాడితే మేం ఒడ్డుకొచ్చి ఓనరుతో "మీవాడికి మర్యాద తెలీదు" అంటాం, మర్నాటినుంచి అతనికి పని ఉండదు. మెత్తగా మాట్లాడితే నవ్వుతాం. ఇరవై ఆరుమందిలో ఒక్కరం, ఒక్క పెద్దమనిషి, "అతను చెప్పింది వినండ్రా" అని ఉంటే చాలు, పడవంతా సద్దుమణిగేది. మనం అట్లాంటి చోట ఎప్పుడూ అననిది ఆ ఒక్క మాటే.

మా తమ్ముడి కూతురు డల్లాస్‌లో ఉంటుంది. కిందటి వేసవిలో పది తెలుగు కుటుంబాలు కలిసి గాల్వెస్టన్ రేవునుంచి పెద్ద క్రూయిజ్ ఓడెక్కారు. ఓడ కదిలేముందు ప్రతి ఒక్కరూ తమకు కేటాయించిన చోటికి వెళ్లి, ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో, జాకెట్ ఎట్లా వేసుకోవాలో తెలుసుకుని, కార్డు స్కాన్ చేయించుకోవాలి. రానివాళ్ల కోసం ఓడంతా వినపడేలా పిలుస్తారు. "పెదనాన్నా, మనవాళ్లు నలుగురు బఫేలో ప్లేట్లు పట్టుకుని 'వాళ్లే వస్తార్లే' అని కూర్చున్నారు. చివరికి ఓడ సిబ్బందిలో ఒకమ్మాయి వచ్చి, నవ్వుతూనే, ప్లేట్లు కింద పెట్టించి తీసుకుపోయింది" అని చెప్పింది. ఆ సిబ్బంది అమ్మాయి పట్టుదల వెనక ఒక చావుల లెక్కుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాయికి గుద్దుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందలమందికి ఈ కసరత్తు ఇంకా జరగలేదు. 24 గంటల్లోపు జరిపితే చాలునని అప్పటి నిబంధన. ఆ తర్వాత దాన్ని మార్చారు. 2015 నుంచి ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో జరగాల్సిందే.

ఆ ఓడలో చిల్లర పేచీలూ ఉన్నాయట. తెల్లారగానే ఈతకొలను పక్క కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి, మధ్యాహ్నం దాకా కనిపించకపోవడం. డైపరుతో పిల్లల్ని కొలనులో దించొద్దని బోర్డున్నా దించడం. అర్ధరాత్రి వరండాలో అంత్యాక్షరి. (ఈ చివరిది మనవాళ్లదేనని వేరే చెప్పక్కర్లేదు.) తువ్వాలు పరిచినవాడు మన భాషవాడైతే చూసీచూడనట్టు పోవడం, వేరేవాడైతే సణగడం. అయినా అక్కడ మొత్తం మీద క్రమం నిలుస్తుంది. మాట వినకపోతే తర్వాతి రేవులో దించేసే అధికారం కెప్టెనుకుందని అందరికీ తెలుసు. అక్కడ వరసలో నిలబడే అదే మనిషి సంక్రాంతికి ఇంటికొచ్చి మన లాంచీ రేవులో "మా సరంగు మనోడే, ఇంకో ఆరుగుర్ని ఎక్కించు" అంటాడు. ఆ మనిషిలోని నియమం మనసులోది కాదు, కెప్టెను జేబులోది. 2022 జూన్‌లో కార్డెలియా ఓడ విశాఖకు వచ్చింది, అక్కడ క్రూయిజ్ టెర్మినలూ కట్టారు. పెద్ద ఓడల సరదా మన తీరానికే నడిచొస్తోంది. మన అలవాట్లు ఏవైతే అవే మన వెంట ఎక్కుతాయి.

తప్పంతా ప్రయాణికులదేనా అని అడిగేవాళ్లుంటారు, అడగాలి కూడా. కాదు. అనుమతి లేని పడవను నడిపినవాడిది, చూసి వదిలేసినవాడిది మొదటి తప్పు. కచ్చులూరు తర్వాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టాలని ప్రభుత్వం పూనుకుంది. 1917 నాటి చట్టాన్ని తీసేసి 2021లో పార్లమెంటు దేశంలోపలి నీళ్లలో తిరిగే పడవలకు కొత్త చట్టం చేసింది. పడవకు రిజిస్ట్రేషన్, ప్రాణరక్షణ సామగ్రి, బీమా, నడిపేవాడికి అర్హత, అన్నీ అందులో ఉన్నాయి. చెప్పిన మాటల్లా వినడమే సంస్కారమని కూడా నేననను. 2014 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలో సేవోల్ ఓడ ఒరుగుతుంటే, ఉన్నచోటే ఉండమని మైకులో చెప్పారు. విహారయాత్రకు వెళ్తున్న బడిపిల్లలు బుద్ధిగా విన్నారు. కెప్టెను ముందే బయటపడ్డాడు. 304 మంది పోయారు. అడగడమూ ప్రయాణికుడి మర్యాదే. దీనికి ఎంతమందికి అనుమతి, జాకెట్లు ఎన్ని, పిల్లల కొలతవి ఉన్నాయా, నడిపేవాడు తాగి ఉన్నాడా? టికెట్ కొనేముందు ఈ నాలుగూ అడగడానికి ఏ పోలీసూ అక్కర్లేదు.

అసలు కష్టం ఆ తర్వాతది. ఇరవైకి ఇరవై ఆరయ్యాం. దిగమని ఎవరిని అంటాం? అల్లుణ్ణా? వియ్యంకుణ్ణా? దూరంనుంచి వచ్చిన చిన్నాన్ననా? ఈ ప్రశ్నకు జవాబు లేకే మనం "సర్దుకోండి" అంటున్నాం. నాకు తోచిన జవాబు ఒకటే. ప్రయాణం ఏర్పాటు చేసిన పెద్దవాడే ముందు దిగాలి. అతను దిగితే ఇంకో ఐదుగురు చిన్నతనం అనుకోకుండా దిగుతారు. నలభై నిమిషాలు ఒడ్డున కూర్చుంటే రెండో ట్రిప్పు ఉంటుంది. మనలో దిగిపోవడం అంటే అలిగి పోవడమనే అర్థం ఒకటి స్థిరపడిపోయింది. పంక్తిలోంచి లేచినట్టు. దాన్ని మార్చగలిగింది ఏ అధికారీ కాదు, మేనమామలూ పెదనాన్నలూ మాత్రమే. జాకెట్ అడిగిన ఆడమనిషిని పిరికిదనడం ఇవాళ్టినుంచి మానేద్దాం. జాకెట్లు మోసుకొచ్చిన కుర్రాడి పక్కన నిలబడదాం.

మా వీధివాళ్ల వాట్సాప్ గుంపులో కార్తీకానికి పాపికొండలు వెళ్దామని కిందటివారం కబురు మొదలైంది. పేర్లు ముప్పై నాలుగు అయ్యాయి. లాంచీలో మనకిచ్చిన సీట్లు ఎన్నో చెప్పమని రాశాను. "30 అన్నా, సర్దుకుందాంలే" అని జవాబు, పక్కన నవ్వు ముఖం. నలుగురం తగ్గాలి, నేను, మా ఆవిడ దిగుతున్నాం అని రాశాను. రెండు గంటలు ఎవరూ పలకలేదు. గుంపులో ఎప్పుడూ ఒక్క ముక్క రాయని ఎదురింటి కోడలు రాత్రి పదిన్నరకి రాసింది. "మా అత్తగారూ నేనూ కూడా వచ్చే వారం వెళ్తాం అంకుల్. చిన్నపిల్లలు ఆరుగురున్నారు, వాళ్ల కొలత జాకెట్లు ఉన్నాయేమో ముందే ఫోన్ చేసి కనుక్కుంటారా ఎవరైనా?"