శ్రీబాగ్ నాటికి కణేకల్ ఏ జిల్లా?

రాజధాని గొడవ లేచినప్పుడల్లా కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక బయటికొస్తుంది. 1953లో వచ్చింది, 2014లో వచ్చింది, మూడు రాజధానుల మాట పుట్టినప్పుడు మళ్లీ వచ్చింది. చదివేది మాత్రం ప్రతిసారీ ఒక్క వాక్యమే: రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమకుందన్నది. కణేకల్‌లో కూర్చుని చదివితే చూపు వేరేచోట ఆగుతుంది. మొదట సంతకాల దగ్గర, తర్వాత నీళ్ల దగ్గర.

1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో ఆ సంతకాలు పడ్డాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు వంటి పెద్దల సరసన బళ్లారికి చెందిన హెచ్. సీతారామరెడ్డి కూడా ఉన్నారు. అప్పట్లో కణేకల్ ఉన్న రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాది. అంటే కణేకల్ ఆ కాగితంలో ఉన్నది అనంతపురం పేరు మీద కాదు, బళ్లారి పేరు మీద.

అంత లిఖితపూర్వకమైన హామీ ఎందుకు కావలసి వచ్చింది? గోదావరికీ కృష్ణకూ 1850లలోనే ఆనకట్టలు పడి డెల్టా పచ్చబడింది. దత్తమండలాలకు, అంటే రాయలసీమకు, అలాంటిది దక్కలేదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అనంతపురం వస్తుందని ఆశపడితే వాల్తేరుకు పోయింది. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యాక ఇక మన వంతేనన్న తొందర కోస్తాలో పెరిగింది. మద్రాసు చేతిలోంచి బెజవాడ చేతిలో పడతామేమోనన్న బెదురు సీమలో పెరిగింది. ఆ తొందరకూ ఈ బెదురుకూ కుదిరిన బేరమే శ్రీబాగ్. దాన్ని శిలాశాసనంలా పట్టుకు తిరిగేవారూ, చెల్లని నోటని తోసేసేవారూ ఈ సంగతి మరుస్తున్నారు.

నీళ్ల షరతు చూడండి. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీటి పథకాల్లో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, సీమకూ నెల్లూరుకూ మొదటి పీట. పదేళ్లు ఎప్పుడో గడిచాయి కదా అనే వాదన మాకు నచ్చదు. రాష్ట్రం రేపోమాపో వస్తుందనుకున్నవాళ్లు రాసిన గడువది. రాష్ట్రం వచ్చింది పదహారేళ్లకు. పైగా ఆ రాష్ట్రం వాళ్లు ఊహించిన ఆకారంలో రాలేదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి మైసూరుకు పోయింది. తుంగభద్ర డ్యామున్న హోస్పేటా అటే పోయింది. డ్యాముకూ కణేకల్‌కూ నడుమ రాష్ట్ర సరిహద్దు పడుతుందని 1937 కాగితానికి తెలియదు.

ఆ గీత గీసే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. దాని మూలం 1935 చట్టంలోని 290వ సెక్షన్. సంస్థానాలను కలుపుకుంటూ, దేశవిభజన గాయంతో రాసుకున్న రాజ్యాంగం కాబట్టి రాష్ట్రాల అభిప్రాయం అడగమంది, అంగీకారం కావాలనలేదు. శ్రీబాగ్‌లో సంతకం పెట్టిన పట్టాభి, కల్లూరు సుబ్బారావు ఇద్దరూ రాజ్యాంగ సభలో సభ్యులే. ఆ అధికరణం కిందే 1953లో ఆంధ్ర వచ్చింది. 2014 జనవరిలో విభజన బిల్లును అసెంబ్లీ తిప్పికొట్టినా పార్లమెంటు ఆగలేదు. అదీ ఆ అధికరణం కిందే. 1953లో పండగ చేసుకున్న మనం 2014లో అదే అధికరణాన్ని అన్యాయమన్నాం. కోపం న్యాయమైనదే కావచ్చు, దాన్ని అంబేద్కర్ మీద చూపడం మాత్రం చరిత్ర చదవకపోవడమే.

ఇక కణేకల్ మడుల్లో వరి నాట్లు పడాలంటే చూడాల్సిన కాగితం వేరే ఉంది. నీరు రాష్ట్ర జాబితాలో ఉంది, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో ఉంది. తుంగభద్ర బోర్డు ఈ రెంటి నడుమా పుట్టింది, 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం 66వ సెక్షన్ కింద. తుంగభద్ర ఎగువ కాలువకు (హెచ్చెల్సీకి) నీళ్లు వదిలే లెక్క నేటికీ ఆ బోర్డు దగ్గరే తేలుతుంది. రాజధాని సభల్లో శ్రీబాగ్‌ను వల్లించే వక్తల్లో ఎవరూ ఈ సెక్షన్ పేరెత్తగా మేం వినలేదు.