"పోనీలే" అనకండి!

2024 జూలై 26 రాత్రి మా ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. సెన్ నది ఒడ్డున బంగారు రంగు విగ్రహాలు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. పదీ ఆడవాళ్ళవే! ఫ్రాన్సు దేశం గర్వంగా చెప్పుకునే పదిమంది స్త్రీలట. వాళ్ళలో ఒకావిడ పేరు అలిస్ గీ. "సినిమాలు తీసిందట" అన్నాడు మా అబ్బాయి. ఏం సినిమాలురా అంటే వాడికీ తెలీదు, నాకూ తెలీదు. సినిమా పిచ్చి లేనివాళ్ళెవరూ లేని ఇల్లు మాది. అయినా తెలీదు.

సిగ్గేసింది. ఆ తర్వాత ఆవిడ గురించి దొరికినదల్లా చదివాను. చదివాక సిగ్గు పోయి కోపం వచ్చింది. ఆ కోపమే ఇవాళ మీతో పంచుకుంటున్నాను.

అలిస్ గీ 1873లో పారిస్ దగ్గర పుట్టింది. తండ్రికి చిలీ దేశంలో పుస్తకాల వ్యాపారం. అది దివాలా తీసింది. ఆయన పోయాక కుటుంబ భారం మీద పడింది. మన ఆడపిల్లలు ఎంతమంది చేయలేదూ, ఆ అమ్మాయీ అదే చేసింది. టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని ఉద్యోగం వెతుక్కుంది. 1894లో కెమెరాలు, ఫొటో సామాను అమ్మే ఒక కంపెనీలో సెక్రటరీగా చేరింది. మరుసటి ఏడాదే లియోన్ గోమోన్ అనే ఆయన ఆ కంపెనీని కొనేశాడు.

1895లో లూమియర్ సోదరులు తమ కదిలే బొమ్మల్ని కొద్దిమందికి ప్రదర్శించినప్పుడు గోమోన్‌తో పాటు ఆవిడా వెళ్ళి చూసింది. ఫ్యాక్టరీలోంచి పనివాళ్ళు బయటికొస్తున్నారు. అంతే, అదే సినిమా! అందరూ నోరు తెరుచుకుని చూశారు. ఈ ఇరవై ఒక్కేళ్ళ అమ్మాయికి మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. పనివాళ్ళనీ రైళ్ళనీ చూపించే బదులు ఒక కథ చెప్పకూడదా? వెళ్ళి యజమానిని అడిగింది. సరేనన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. ఆఫీసు పనికి ఏమాత్రం ఆటంకం రాకూడదు!

ఈ షరతు ఎక్కడో విన్నట్టు లేదూ? "ఇంటిపని అయ్యాక నీ ఇష్టం వచ్చినది చేసుకో" అనే మాటకు ఇది పారిస్ తోబుట్టువు.

ఆయనెందుకు ఒప్పుకున్నాడో కూడా గమనించండి. ఆ రోజుల్లో కంపెనీకి కావలసింది కెమెరాలు అమ్ముడుపోవడం. సినిమా ముక్కలు కొనేవాళ్ళకు చూపించే నమూనాలు మాత్రమే. విలువలేని పని కాబట్టి ఆడపిల్లకు వదిలేశారు. ఇది ఇంతదవుతుందని ముందే తెలిస్తే తనకు ఒప్పుకునేవాళ్ళే కాదని ఆవిడే తర్వాత ఆత్మకథలో రాసుకుంది.

అలా తీసిన మొదటి చిత్రం 'క్యాబేజీ దేవత'. క్యాబేజీ మడిలోంచి ఒక దేవత పసిపాపల్ని తీసి చూపిస్తుంది. అంతా కలిపి ఒక నిమిషం. 1896లో తీశానని ఆవిడ చెప్పింది. ఇప్పుడు మిగిలి ఉన్నది 1900 నాటిదని కొందరు పరిశోధకులంటారు. ఆ వాదం ఎటు తేలినా, కథ చెప్పే సినిమా తీసిన తొలితరంలో ఆవిడ ఉందన్నది తిరుగులేని మాట. అప్పటికి ప్రపంచంలో ఇంకో స్త్రీ ఎవరూ ఆ పని చేస్తున్నట్టు దాఖలాలు లేవు.

1907 దాకా గోమోన్ కంపెనీ సినిమా నిర్మాణమంతా ఆవిడ చేతిమీదుగానే నడిచింది. సినిమాకి మాటలు రావడానికి చాలా ఏళ్ళ ముందే, గ్రామఫోను రికార్డుకు బొమ్మని జతచేసి నూరుకు పైగా పాటల చిత్రాలు తీసింది. 1906లో దాదాపు 300 మంది నటులతో, 25 దృశ్యాలతో, అరగంట పైగా నడిచే క్రీస్తు చరిత్ర తీసింది. అదే ఏడాది తీసిన మరో చిత్రం వింటే మీకు నవ్వొస్తుంది. అందులో మగవాళ్ళు ఇస్త్రీలు చేస్తూ, కుట్లు కుడుతూ, పిల్లల్ని ఆడిస్తూ ఉంటారు. ఆడవాళ్ళు హోటల్లో కూర్చుని చుట్టలు కాలుస్తూ దారిన పోయే మగవాళ్ళని ఏడిపిస్తుంటారు. చివరికి మగవాళ్ళు తిరగబడతారనుకోండి! ఎవరినీ తిట్టకుండా, వేషం తిరగేసి అద్దం చూపించింది.

1907లో హెర్బర్ట్ బ్లాషేని పెళ్ళి చేసుకుని, ఉద్యోగం వదిలి ఆయనతో అమెరికా వెళ్ళింది. ఇంకొకరైతే కథ ఇక్కడ ముగిసేది. కానీ ఒక పాప పుట్టాక, 1910లో, 'సోలాక్స్' అనే సొంత సినిమా కంపెనీ పెట్టింది. అధ్యక్షురాలు ఆవిడే. 1912లో న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో లక్ష డాలర్లకు పైగా ఖర్చుపెట్టి స్టూడియో కట్టించింది. లోపల నటీనటులకు కనబడేలా ఒక పెద్ద బోర్డు పెట్టింది. సహజంగా ఉండండి అని! చేతులూపుతూ కళ్ళు తిప్పుతూ నటించే రోజులవి.

మరుసటి ఏడాది, 1913లో, మన ఫాల్కే గారి 'రాజా హరిశ్చంద్ర' విడుదలైంది. తారామతి వేషానికి ఆడమనిషి దొరకక సాలుంకే అనే మగాయన వేశాడు. ఆ చిత్ర బృందం మొత్తానికి వండిపెట్టింది, ఫిల్ముకి చిల్లులు వేసి, కడిగే పని కూడా చేసింది ఫాల్కే గారి భార్య సరస్వతీబాయి. ఆవిడ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

అలిస్ గీ 1912లో తీసిన ఒక చిన్న చిత్రం కథ నా మనసులో ఉండిపోయింది. అక్కకి క్షయ. ఆఖరి ఆకు రాలేసరికి ఈ పిల్ల ఉండదంటాడు డాక్టరు. అది విన్న చిన్న చెల్లెలు రాత్రివేళ తోటలోకి వెళ్ళి, రాలిన ఆకుల్ని దారంతో కొమ్మలకు కట్టేస్తూ ఉంటుంది. ఈ కథకి మాటలు అక్కర్లేదు కదా!

ఇక దిగుదల. 1913లో సోలాక్స్ అధ్యక్ష పదవి భర్తకి అప్పగించింది, తాను దర్శకత్వం చూసుకోవచ్చని. కొద్ది కాలానికే ఆయన తన పేరుతో ఇంకో కంపెనీ పెట్టాడు. సోలాక్స్ మూతపడింది. సినిమా పరిశ్రమ కాలిఫోర్నియాకు తరలిపోయింది. ఆవిడ పరాయి కంపెనీలకు పనిచేసింది. 1918లో భర్త ఆవిడనీ పిల్లల్నీ వదిలి హాలీవుడ్ వెళ్ళిపోయాడు. స్టూడియో వేలానికి వచ్చింది. 1922లో విడాకులు తీసుకుని, ఇద్దరు పిల్లలతో ఫ్రాన్సుకి తిరిగొచ్చింది. మళ్ళీ సినిమా తీసే అవకాశం రానే లేదు.

నాకు కోపం వచ్చింది దీనికి కాదు. వ్యాపారంలో లాభనష్టాలు ఎవరికైనా ఉంటాయి. కోపం తర్వాత జరిగినదానికి. 

పని అడగడానికి వెళితే, ఏం తీశావో చూపించమంటారు కదా? చూపించడానికి ఆవిడ దగ్గర ఒక్క సినిమా కూడా లేదు. 1927లో అమెరికా వెళ్ళి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెతికింది. దొరకలేదు. 1930లో గోమోన్ కంపెనీ చరిత్ర అచ్చయితే, అందులో 1907కి ముందు తీసిన సినిమాల ఊసే లేదు. అంటే ఆవిడ పనిచేసిన కాలమంతా మాయం! ఉత్తరం రాస్తే గోమోన్ తప్పు ఒప్పుకుని దిద్దుతానన్నాడు. ఆ దిద్దుబాటు అచ్చు చూడకుండానే 1946లో పోయాడు. సినిమా చరిత్రకారులేమో 300 మందితో తీసిన ఆ క్రీస్తు చిత్రాన్ని, ఆవిడ కింద సహాయకుడిగా పనిచేసిన జాసే అనే ఆయన ఖాతాలో వేశారు.

ఇది చదివినప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. పాతికేళ్ళ కిందట నేనొక బడిలో టీచర్ని. వార్షికోత్సవానికి పిల్లల చేత నాటిక వేయించాను. రాసింది నేను. నెల్లాళ్ళు సాయంత్రాలు ఉండి రిహార్సల్స్ వేయించింది నేను. కట్టిన చీరలు మా బీరువాలోవి. మైకులూ కుర్చీలూ చూసుకున్నది ఇంకో మాస్టారు. తీరా సావనీర్ అచ్చయి వస్తే, 'రచన, దర్శకత్వం' అని ఆయన పేరు! పాపం ఆయన అడిగి వేయించుకోలేదు. అచ్చుకి రాసిచ్చినవాళ్ళు నాటిక అంటే మాస్టారే అయివుంటారనుకున్నారు, అంతే. నేనేమన్నాను? "పోనీలెండి, పిల్లలు బాగా చేశారు, అదే పదివేలు" అన్నాను. అందరూ నా మంచితనాన్ని మెచ్చుకున్నారు.

ఇవాళ ఎవరైనా ఆ సావనీర్ తీసి చూస్తే అందులో నేను లేను. రాసిన కాగితాలు కూడా దాచుకోలేదు.

అలిస్ గీ మాత్రం పోనీలే అనలేదు. ముసలితనంలో కూర్చుని, తను తీసిన సినిమాల పేర్లు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని జాబితాలు రాసింది. తప్పు రాసినవాళ్ళకి ఉత్తరాలు రాసింది. ఆత్మకథ రాసింది. 1954లో గోమోన్ కొడుకు లూయీ పారిస్‌లో సభ పెట్టి, తొలి మహిళా చిత్ర దర్శకురాలు ఈవిడేనని చెప్పాడు. 1968లో, 94 ఏళ్ళ వయసులో, అమెరికాలో కన్నుమూసింది. ఆత్మకథ 1976లో గానీ అచ్చు కాలేదు. ఆవిడ తీసినవి 1000 దాకా ఉంటాయని అంచనా. ఇప్పటికి దొరికినవి సుమారు 150. ఆ దొరికినవాటిని ఆవిడవని గుర్తుపట్టడానికి ఆ జాబితాలూ ఉత్తరాలే ఎంతో పనికొచ్చాయి. 

అందుకే నేననేది ఒకటే. మనకి చిన్నప్పట్నించీ నేర్పిన 'పోనీలే' మంచితనం కాదు. అది మన పనిని ఇంకొకరి పేర రాసిచ్చే దస్తావేజు. వీధిలో భార్య పెట్టిన పచ్చళ్ళు భర్త పేరు లేబుల్‌తో అమ్ముడుపోతాయి. లెక్కలన్నీ ఇల్లాలు చూసే కొట్టుకి బోర్డు మీద మాత్రం కొడుకు పేరుంటుంది. పేరులో ఏముందమ్మా, పని ముఖ్యం అంటారు. పేరులో ఏమీ లేకపోతే మరి వాళ్ళ పేరెందుకు పెట్టుకున్నట్టు?

పేరు అడగడం అహంకారం అంటారేమో. అబద్ధం చెప్పి అడిగితే అహంకారం. చేసిన పనికి చేసినవాళ్ళ పేరుండాలనడం లెక్క సరిచూడటం, అంతే. పోట్లాడనక్కర్లేదు. తప్పు కనబడిన రోజే నవ్వుతూ ఒక్క మాట చెబితే చాలు. ముప్ఫై ఏళ్ళు పోయాక చెబితే సాక్ష్యం అడుగుతారు.

మొన్నీమధ్య మనవరాలి బడికి ఓ చిన్న నాటిక రాసిచ్చాను. మొదటి పేజీ మీద నా పేరు, తేదీ వేశాను. ఒక జిరాక్స్ తీయించి బీరువాలో చీరల కింద పెట్టాను. "పది నిమిషాల నాటికకి ఇంత హంగామానా?" అన్నారు మావారు. ఆ క్యాబేజీ దేవత ఒక్క నిమిషమేనండీ అన్నాను.

మరి మీ బీరువాలో మీ పేరున్న కాగితం ఒక్కటైనా ఉందా? ఓసారి తీసి చూసుకోండి.