పేరు చెప్పడానికి తొందరెందుకు?

నిమ్మచెట్టు ఆకులను ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఒక ఆకు మీద పిట్టరెట్టలాంటి పురుగు, మరో ఆకు మీద పచ్చటి పురుగు కనిపించవచ్చు. ఇవి రెండు వేర్వేరు జాతులని మీరు అనుకుంటారు. కాని రెండూ ఒకే సీతాకోకచిలుక పిల్లలు కావచ్చు. చిన్నప్పుడు రెట్టలా ఉన్నదే పెరిగి పచ్చబడుతుంది!

సముద్రంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. వానపాముకు చుట్టాలైన 'పాలికీటా' పురుగులు అక్కడ వేల జాతులున్నాయి. వీటి ఒంటికి రెండు పక్కలా శూకాలు కుచ్చులుగా ఉంటాయి. నీరిస్ వీటిలో ఒకటి. పెద్ద పురుగులు ఎక్కువగా బురదలోనో, రాళ్ల సందుల్లోనో బతుకుతాయి. పిల్లలు, అంటే డింభకాలు, చాలావరకు ప్లవకాలతో కలిసి నీటిలో తేలుతుంటాయి. మొదట బొంగరంలా ఉండి, నడుం చుట్టూ ఉన్న శైలికల పట్టీతో ఈదే డింభకాన్ని 'ట్రోకోఫోర్' అంటారు. తర్వాత దాని వెనుక భాగాన ఒక్కొక్క ఖండితమే చేరి పురుగు రూపం వస్తుంది.

వీటిని గుర్తించడం ఎలా? సూక్ష్మదర్శినిలో ఖండితాలను లెక్కపెట్టాలి. కళ్లెన్నో, శూకాల పొడవెంతో, శైలికల పట్టీలు ఎక్కడున్నాయో, రంగు మచ్చలెలా ఉన్నాయో చూడాలి. ఫార్మలిన్‌లో వేస్తే రంగులు వెలిసిపోతాయి కనుక ప్రాణంతో ఉండగానే చూడటం మంచిది. అయినా చాలాసార్లు కుటుంబం పేరు తేలుతుంది గాని, జాతి పేరు తేలదు.

టోపీలాంటి శరీరమూ, పొడవాటి శూకాల కట్టా ఉన్న ఒక డింభకానికి శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దంలో 'మిత్రేరియా' అని వేరే పేరే పెట్టారు. అది ఇసుక రేణువులతో గొట్టం కట్టుకునే 'ఓవీనియా' పురుగు పిల్ల అని తర్వాత తేలింది. అది పురుగుగా మారే తీరును డగ్లస్ విల్సన్ 1932లో వివరంగా వర్ణించాడు.

మన తీరంలోనూ ఈ పని జరిగింది. వాల్తేరు సముద్రపు ప్లవకాలలోని పాలికీటా డింభకాలపై ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన గణపతి, రాధాకృష్ణ 1958లో పరిశోధన ప్రచురించారు. ఇది ఉబుసుపోక చేసే పని కాదు. ఈ పురుగుల్లో కొన్ని ముత్యపుచిప్పలను తొలుస్తాయి. కొన్ని ఓడల అడుగున సున్నపు గొట్టాలు కట్టుకుంటాయి. డింభకాన్ని తప్పుగా గుర్తిస్తే, ఏ పురుగు ఎప్పుడు వచ్చి అంటుకుంటుందన్న అంచనా కూడా తప్పుతుంది.

ఇప్పుడు డి.ఎన్.ఎ. పరీక్ష ఉంది గదా అంటారేమో. డింభకం డి.ఎన్.ఎ.ను పోల్చి చూడాలంటే, పెద్ద పురుగును ముందే ఎవరో సరిగా గుర్తించి, దాని డి.ఎన్.ఎ. వివరాలు నమోదు చేసి ఉండాలి. ఆ మొదటి పని కంటితో, ఓపికతో చేయవలసిందే.

అందుకే నా అభిప్రాయం ఇది. 'నమూనాను గుర్తించి పేరు రాయండి' అనే పరీక్షలో, "ఇంతవరకు చెప్పగలను, ఆపైన ఆధారం లేదు" అని కారణాలతో రాసిన విద్యార్థికీ మార్కులు వేయాలి. ఊహించి పేరు రాసినవాడి కంటే అతడే శాస్త్రానికి దగ్గర.

నిమ్మచెట్టు మీది ఆ పురుగుకు ఇప్పుడే పేరు పెట్టకండి. రోజూ లేత ఆకులు వేసి పెంచండి, బొమ్మ గీయండి, తేదీ రాయండి. రెక్కలు విప్పిన రోజున దాని పేరు రాయండి.